నాలుగు ఆప్షన్లలో ఒదగని కథ

"మేడమ్, 'అర్థం చేసుకుంటారు' అని రాయకూడదండీ. దాన్ని కొలవలేం."

ఆన్‌లైన్ కోర్సు తయారుచేయడంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. చెప్పింది మా కోర్సు డిజైనర్, పాతికేళ్ళ అమ్మాయి. నా ముందున్న ఫారంలో ప్రతి పాఠానికీ ఒక గడి ఉంది. 'ఈ పాఠం పూర్తయ్యేసరికి అభ్యాసకులు ఏం చేయగలుగుతారు?' అని దాని పైన అచ్చువేసి ఉంది. నేను అందులో 'తొలితరం రచయిత్రుల కథల్లోని సంఘర్షణను అర్థం చేసుకుంటారు' అని రాశాను. ఆ అమ్మాయి మర్యాదగానే ఆ వాక్యం కొట్టేసి పక్కన కొన్ని క్రియలు రాసిచ్చింది. గుర్తించగలరు. పేర్కొనగలరు. వర్గీకరించగలరు. పోల్చగలరు. వీటిల్లో ఒకటి ఎంచుకోమంది.

ఇరవై ఏళ్ళకు పైగా డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. నా పాఠం విన్నాక పిల్లలు ఏం చేయగలుగుతారో ఒక్క క్రియలో చెప్పమంటే నాకు మాట రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపంలో కొంత సిగ్గు కూడా ఉందని ఇంటికొచ్చాక గాని తెలియలేదు.

ఈ వ్యాసం ఆ గడి గురించి, దాన్ని నింపడానికి మేం పడ్డ తంటాల గురించి. కోర్సు తయారీ అంటే ఏదో సాంకేతికమైన పని అనీ, సాహిత్య విమర్శకీ దానికీ సంబంధం లేదనీ అనుకునేదాన్ని. ఏ రచన ఉండాలి, ఏది పోవాలి, ఎవరు ముందు, ఎవరు వెనక, ఏది సరైన జవాబు అనేవన్నీ తేలిపోయే చోటు అది. విమర్శ చేసే పని కూడా ఇదే కదా? తేడా ఒక్కటే. విమర్శకురాలు తన తీర్పు కింద పేరు రాసుకుంటుంది. ఫారం రాసుకోదు.

2021లో కోవిడ్ రెండో విడత సద్దుమణిగాక, ఒక విద్యాసంస్థ వాళ్ళు తెలుగు స్త్రీల సాహిత్యం మీద ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సు తయారుచేసి ఇమ్మని అడిగారు. 2017 జులైలో కేంద్ర ప్రభుత్వం 'స్వయం' వేదికను మొదలుపెట్టాక వీడియో పాఠం, చదువుకునే పాఠం, చర్చ, పరీక్ష అనే నాలుగు భాగాల చట్రం మన కాలేజీలకి బాగా పరిచయమైంది. మా కోర్సు ఆ వేదిక మీదిది కాదు గానీ చట్రం మాత్రం అలాంటిదే. ఇద్దరం తెలుగు అధ్యాపకులం, ఒక డిజైనర్, ఒక వీడియో ఎడిటర్, మేం రాసినవి సరిచూడడానికి సంస్థ నియమించిన ఒక పెద్దాయన. ఇదీ మా బృందం.

తోటి అధ్యాపకులు నవ్వారు. సాహిత్యాన్ని స్క్రీన్ మీద చెబుతావా అన్నారు. నాకూ అనుమానమే. అయినా ఒప్పుకున్నానంటే కారణం మా చిన్నమ్మ. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే. పదో తరగతితో చదువు ఆగిపోయి, ఇద్దరు పిల్లల తల్లయిన మా చిన్నమ్మ అర్హత పరీక్ష రాసి అందులో బి.ఏ.లో చేరింది. ఆ పాఠ్యపుస్తకాలు బియ్యం డబ్బా మీద పెట్టుకుని, అందరూ పడుకున్నాక చదివేది. ఆదివారం క్లాసులకి బస్సెక్కి నల్లగొండ పోయేది. "ఆ ఒక్కరోజు నేను ఎవ్వరి కోడల్ని కాను" అనేది. దూరవిద్య అంటే రెండో రకం చదువని తేలిగ్గా మాట్లాడేవాళ్ళకి ఈ ఆదివారాల విలువ తెలియదు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే భండారు అచ్చమాంబ. 1874లో పుట్టి 1905లోనే వెళ్ళిపోయింది. బడికి పోయి చదివిన చదువు కాదు ఆమెది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఇంట్లోనే నేర్చుకుంది. తరగతి గదిలో చోటు దొరకని ఆడవాళ్ళు చదువుని ఎప్పుడూ ఏదో ఒక పక్కదారిలోనే అందుకున్నారు. కొత్తగా ఇంకో పక్కదారి తెరుచుకుంటుంటే, అది నాకు అలవాటైన దారి కాదు కాబట్టి వద్దనే హక్కు నాకెక్కడిది?

మళ్ళీ ఆ గడి దగ్గరికి వస్తాను. క్రియల జాబితా ఎక్కడిదని వెతికాను. 1956లో అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ సంపాదకత్వంలో వచ్చిన విద్యాలక్ష్యాల వర్గీకరణ దానికి మూలం. 2001లో దాన్ని సవరించి ఆరు మెట్లుగా చెప్పారు. జ్ఞాపకం ఉంచుకోవడం అట్టడుగు మెట్టు, సృజించడం పై మెట్టు. తమాషా ఏమిటంటే ఆ మెట్లలో 'అర్థం చేసుకోవడం' రెండోది! మూలంలో గౌరవంగా కూర్చున్న మాట మా ఫారం దాకా వచ్చేసరికి నిషిద్ధమైంది. కంటికి కనిపించే పని అయితేనే మార్కు వేయగలరు, మార్కు వేయగలిగితేనే అది చదువు.

అలాగని ఫారాన్ని తిట్టి ఊరుకుంటే నాకు నేనే అబద్ధం చెప్పుకున్నట్టు. ఆ గడి నన్ను అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఇన్నేళ్ళూ నేను క్లాసులో చేసిందేమిటి? స్త్రీవాద కవిత్వం లక్షణాలు ఒకటి, రెండు, మూడు అని నోట్సు చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. పరీక్షలో ఆ మూడూ రాసి మార్కులు తెచ్చుకున్నారు. 'గుర్తించగలరు, పేర్కొనగలరు' అంటే ఇదే కదా! నేను చేసే పనికి ఫారం పేరు పెట్టింది, అంతే. నాకు కోపం వచ్చింది ఆ పేరు చూసి.

అసలు గొడవ క్విజ్ దగ్గర మొదలైంది.

వారానికి పది ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. జవాబుల్ని కంప్యూటరే దిద్దుతుంది కాబట్టి ప్రతి ప్రశ్నకీ ఒకటే 'కీ' ఉండాలి. మొదటి వారం ప్రశ్నల్లో సరిచూసే పెద్దాయన ఒకటి చేర్చి పంపారు. 'తెలుగులో తొలి ఆధునిక కథ ఏది?' కీ: 'దిద్దుబాటు'. పోటీ పరీక్షల్లో వచ్చే ప్రశ్న కాబట్టి తప్పనిసరిగా ఉండాలని పక్కన రాశారు. అచ్చమాంబ 'ధనత్రయోదశి' కూడా నాలుగు ఆప్షన్లలో ఒకటి. తప్పు జవాబుగా!

గురజాడ 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చింది. 'ధనత్రయోదశి' 1902లో 'హిందూసుందరి'లో వచ్చింది. ఎనిమిదేళ్ళ తేడా. ఈ లెక్క తెలియక కాదు. ఆధునికత అంటే శిల్పం, వాడుక భాష, కథనంలో కొత్తదనం, అవి గురజాడలోనే ఉన్నాయని ఒక వాదం. ఆ కొలమానాలు ఎవరు పెట్టారు, ఆడవాళ్ళు రాసినవి చదవకముందే పెట్టారు కదా అని ఇంకో వాదం. స్త్రీల సాహిత్య చరిత్ర రాసినవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న చర్చ ఇది. నా వరకు ఈ తగాదాలో మొదటి స్థానం ఎవరిదన్నది పెద్ద విషయం కాదు. ఒక కథని ఆధునికమని పిలవడానికి ఏం కావాలని మనం అడుగుతున్నామన్నది పెద్ద విషయం. ఆ ప్రశ్న క్లాసులో వేస్తే గంటసేపు మాట్లాడుకోవచ్చు. ఆప్షన్లలో పెడితే ఒక్క నొక్కుతో ముగిసిపోతుంది. పైగా ఎర్ర గుర్తుతో. స్త్రీల సాహిత్యం కోర్సులో చేరిన అమ్మాయి అచ్చమాంబ పేరు నొక్కితే కంప్యూటరు ఆమెకి సున్నా వేస్తుంది.

పెద్దాయనతో రెండు వారాలు ఉత్తరాలు నడిచాయి. ఆయన చెడ్డవారు కాదు. "ప్రశ్నకి జవాబు ఒకటే ఉండాలమ్మా, లేకపోతే అది ప్రశ్నే కాదు" అన్నారు. ఆ చట్రంలో ఆయన అన్నది నిజం. చివరికి ప్రశ్న తీసేయించగలిగాను. తీసేయించడం గెలుపు కాదని అప్పుడే తెలుసు. ఒక వివాదాన్ని పాఠంలోకి తేలేక బయటికి నెట్టాను, అంతే. ఇప్పుడు క్విజ్ ప్రశ్నలు కృత్రిమ మేధతో రాయించుకునే అలవాటు కూడా మొదలైంది. ఎక్కువమంది ఎక్కువసార్లు రాసిన జవాబు వైపే అది మొగ్గే ప్రమాదం ఉంది. ఎవరి పేరు తక్కువసార్లు అచ్చయిందో వాళ్ళు మళ్ళీ తప్పు జవాబుల వరుసలోకే వెళ్తారు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చదివితే వచ్చే ఆలోచన ఇంకోటి ఉంది. రెండింట్లోనూ భార్యే భర్తని దిద్దుతుంది. 'దిద్దుబాటు'లో కమలిని ఉత్తరం రాసిపెట్టి మాయమవుతుంది. భర్త హైరానా పడ్డాక మంచం కిందనుంచి నవ్వు వినిపిస్తుంది. కథంతా మనం భర్త వెంటే తిరుగుతాం. 'ధనత్రయోదశి'లో భార్య ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. పేదరికంలో యజమాని సొమ్ము ఇంటికి తెచ్చిన భర్తకి అది తప్పని చెప్పి, తిరిగి ఇచ్చెయ్యమంటుంది. ఇందులో ఏది ముందడుగు? ఉత్తరం రాసి దాక్కున్న చదువుకున్న భార్యా, ఎదురుగా నిలబడి నీతి చెప్పిన భార్యా? ఇంటి నీతికి కాపలా కాసే బాధ్యత ఎప్పుడూ ఆమెదేనా? ఇది బలమా, బరువా? రెండూనా?

దీన్ని బహుళైచ్ఛిక ప్రశ్నగా మార్చడానికి ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాం. 'ఈ కథలో భార్య పాత్ర దేనికి ప్రతీక? అ. నిజాయితీ, ఆ. పాతివ్రత్యం, ఇ. సంస్కరణ, ఈ. స్వతంత్ర వ్యక్తిత్వం.' డిజైనర్ అమ్మాయి అప్పుడే కథ మొదటిసారి చదివింది. నాలుగు ఆప్షన్లూ చూసి చాలాసేపు ఊరుకుని, "మేడమ్, నేనైతే నాలుగూ నొక్కుతాను" అంది. కొలవలేని పని ఒకటి ఆ గదిలో, మా కళ్ళముందు జరిగింది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి నా వైపుకి వచ్చింది. నేనూ కొంత ఆమె వైపుకి వెళ్ళాను.

ఇక వీడియోలు. ఒక్కోటి ఆరు నిమిషాలు దాటకూడదని నియమం. ఎందుకంటే, పరిశోధన అలా చెప్పింది అన్నారు. వెతికి చదివాను. 2014లో ఎడెక్స్ కోర్సుల మీద గువో, కిమ్, రూబిన్ అనే ముగ్గురు చేసిన అధ్యయనం. దాదాపు 69 లక్షల వీక్షణల్ని లెక్కించి, వీడియో ఎంత పొడుగున్నా చూసేవాళ్ళు ఆరు నిమిషాలకి మించి నిలవడం కష్టమని చెప్పారు. మంచి పరిశోధనే. కానీ వాళ్ళు తీసుకున్న నాలుగు కోర్సులూ కంప్యూటర్లు, కృత్రిమ మేధ, గణాంకాలు, రసాయనశాస్త్రం. సాహిత్యం ఒక్కటీ లేదు. ఎంతసేపు చూశారో చెప్పిన లెక్కని, ఎంతసేపు చెప్పాలో శాసించే నియమంగా మార్చుకున్నది మనం.

సావిత్రి 1984లో రాసిన 'బందిపోట్లు' కవిత పాఠం రికార్డు చేశాం. చదువు రాకపోతే పెళ్ళి చేసేస్తామనే బెదిరింపులు వింటూ పెరిగిన ఆడపిల్లలకి ఆ కవిత విడమరిచి చెప్పక్కర్లేదు. క్లాసులో చదివి ఆగితే చాలు. ఎవరో ఒక అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తుంది. ఇంకో అమ్మాయి పక్కమ్మాయి చెయ్యి పట్టుకుంటుంది. స్టూడియోలో కూడా అలవాటుకొద్దీ చదివి ఆగాను. తర్వాత వీడియో చూస్తే ఆ ఆగడం లేదు. "మేడమ్, అక్కడ పదకొండు సెకన్లు గ్యాప్ వచ్చింది, కట్ చేశాను" అన్నాడు ఎడిటర్ అబ్బాయి, నాకు సాయం చేశాననే సంతోషంతో. ఆ పదకొండు సెకన్లే నా పాఠం అని అతనికి ఎలా చెప్పను? చెప్పాను. తిరిగి పెట్టాడు. ఆరు నిమిషాల్లో పదకొండు సెకన్లు. మొత్తం కోర్సులో నేను సాధించిన వాటిల్లో అదొకటి.

స్టూడియోలో నేర్చుకున్న సంగతులు ఇంకా ఉన్నాయి. సన్న గళ్ళ చీర కెమెరాలో మెరిసిపోతుంది కాబట్టి ప్లెయిన్ చీర కట్టుకోవాలి. అది కెమెరా నియమం, అర్థం చేసుకోగలను. 'కొంచెం నవ్వుతూ చెప్పండి మేడమ్' అన్నది ఏ కెమెరా నియమం? నాతో పాఠాలు చెప్పిన మగ సహాధ్యాయిని ఎవరూ నవ్వమనలేదు. ఆయన గంభీరంగా ఉంటే పాండిత్యం. నేను గంభీరంగా ఉంటే అభ్యాసకులు దూరమైపోతారు!

ఆరు నిమిషాల లెక్క కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో ఫారం. 'మీ అభ్యాసకుడి రూపురేఖలు' అని దాని పేరు. వయసు, చదువు, వాడే పరికరం, చదువుకునే సమయం, చోటు రాయాలి. ముందే నింపి ఉన్న నమూనాలో ఇరవై ఏళ్ళ కుర్రాడు, లాప్‌టాప్, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది, సొంత గది. మేం ఆ కాగితం పక్కన పెట్టి మాకు తెలిసిన ఆడవాళ్ళని రాసుకుంటూ పోయాం. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తమ్ముడి చేతిలో ఉండే అమ్మాయి. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది పొయ్యి ముందుండే కోడలు. డేటా రాత్రి పన్నెండుకి అయిపోతుందని పదకొండున్నరకి పాఠం తెరిచే నర్సు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళవాళ్ళలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు దేశంలో పురుషులు 57.1 శాతం, స్త్రీలు 33.3 శాతం. తెలంగాణ స్త్రీలలో 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 21 శాతమే. స్త్రీల సాహిత్యం కోర్సుని ఈ నాలుగో వంతు ఆడవాళ్ళకి, అందులోనూ తీరిక ఉన్నవాళ్ళకి తయారుచేస్తున్నామన్నమాట. ఈ అంకెలు చూశాక కోర్సులో చాలా మార్చాం. ప్రతి పాఠానికీ ఆడియో చేశాం. కళ్ళకీ చేతులకీ పని ఉన్నా చెవులు ఖాళీగా ఉంటాయి. చదువుకునే పాఠాన్ని అచ్చు తీసుకునేలా పెట్టాం. వారం వారం గడువులు తీయించాం. మొత్తం ఎనిమిది వారాలకీ ఒకటే గడువు. వీడియోలో బొమ్మ చూస్తేనే అర్థమయ్యే విషయం ఏదైనా ఉంటే మాటల్లో కూడా చెప్పాం. ఇదంతా సాంకేతిక నిర్ణయాల కింద నమోదైంది. నాకు మాత్రం ఎవరి సమయాన్ని సమయమని లెక్కించాలన్న తగాదాలాగే కనిపించింది.

ఇంతవరకూ ఫారం తప్పుల్ని చెప్పాను. ఇక నా తప్పు చెప్పాలి.

ఎనిమిది వారాల పట్టిక నేనే గీశాను. మొదటి వారం సంస్కరణోద్యమ కాలం. రెండు, మూడు వారాలు నవలా రచయిత్రులు. నాలుగు, ఐదు, ఆరు స్త్రీవాద కథ, కవిత్వం, విమర్శ. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' అక్కడే. ఏడో వారం 'దళిత, ముస్లిం, ఇతర స్వరాలు'. ఎనిమిదో వారం పునశ్చరణ. గోడకి అంటించుకుని మురిసిపోయాను. అన్నీ ఉన్నాయి, ఎవర్నీ వదల్లేదు అనుకున్నాను. చూడ్డానికి వచ్చిన స్నేహితురాలు, దళిత రచయిత్రి, పట్టిక ముందు నిలబడి ఒకే మాట అడిగింది.

"అక్కా, మిగతా వారాలకి ఇంటిపేరు లేదు. మా వారానికే ఎందుకు?"

వ్యాసంలో అయితే ఈ సంగతి నాకు కనపడేది కాదేమో. వ్యాసం పేరాల్లో సర్దుకుపోతుంది. 'అలాగే', 'దీంతోపాటు' అనే మాటలతో అందర్నీ కలుపుకుపోయినట్టు కనిపిస్తుంది. పట్టికకి అలాంటి మాటలు లేవు. ఎవరికి ఎన్ని నిమిషాలో అంకెలు వేసి చూపిస్తుంది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు', జాజుల గౌరి 'మన్నుబువ్వ' (2004), షాజహానా 'నఖాబ్' (2005) అన్నీ కలిపి నేనిచ్చింది పద్దెనిమిది నిమిషాలు. అందులో 'ఇతర'! ఎవరికి ఇతర? నేను ఇంతకాలం స్త్రీల సాహిత్యం అని పిలిచింది ఎవరి సాహిత్యం? పెద్దాయన ఆప్షన్లలో అచ్చమాంబ ఉన్న చోటే నా పట్టికలో వీళ్ళున్నారు. పేరుంది, జవాబు మాత్రం వాళ్ళు కారు.

పట్టిక చింపేశాం. కాలం వారీగా, వర్గాల వారీగా కాకుండా విషయాల వారీగా మళ్ళీ గీశాం. చదువు, ఇల్లు, పని, శరీరం, కులం, మతం, భాష, చరిత్ర. ప్రతి వారంలోనూ అందరూ ఉంటారు. కులం వారంలో మొదట చదివించింది అగ్రవర్ణ రచయిత్రుల కథలు. వాళ్ళ కథల్లో కులం ఎక్కడ కూర్చుంది, ఎవరు నీళ్ళు తెచ్చారు, ఎవరి పేరు కథలో లేదు అని వెతకమన్నాం. కులం దళిత స్త్రీలకే ఉన్నట్టు పాఠం చెప్పడం మానుకోవాలంటే మొదలుపెట్టాల్సింది అక్కడే. చరిత్ర వారంలో 1986 నాటి 'మనకు తెలియని మన చరిత్ర' పెట్టాం. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ మాటల్లో చెప్పుకున్న పుస్తకం. రాసింది మాత్రమే సాహిత్యం కాదు, చెప్పింది కూడా అని ఆ వారం పాఠం.

భాష వారం రికార్డింగులో ఇంకో దెబ్బ తగిలింది. కథా భాగాలు నేనే చదివాను. తెలంగాణ మాట నాకు పుట్టినింటి మాట. చదువుతుంటే హాయిగా ఉంది. కింద వచ్చే అక్షరాలు రాసిన వాళ్ళు 'ఎందుకు' అని, 'లేదు' అని, 'అక్కడ' అని మొత్తం దిద్దేశారు! నోరు ఒకటి పలుకుతుంటే కింద ఇంకోటి నడుస్తోంది. అడిగితే, "తప్పులు సరిచేశామండీ, న్యూట్రల్ తెలుగు ఉండాలి కదా" అన్నారు. 'దిద్దుబాటు' గురించి అంత గొడవపడ్డదాన్ని, నా నోటికి జరిగిన దిద్దుబాటుని మూడో వీడియో దాకా గమనించనేలేదు. నాకూ అంత అలవాటైపోయిందన్నమాట. అన్నీ మళ్ళీ రాయించాం. రెండు వారాలు ఆలస్యమైంది. ఆలస్యానికి కారణం రాయాల్సిన గడిలో 'భాష' అని రాశాను.

కోర్సు 2022లో మొదలైంది. సంస్థ వాళ్ళు నాకొక డ్యాష్‌బోర్డు చూపించారు. ఎంతమంది చేరారు, ఎంతమంది ఎన్నో నిమిషంలో వదిలేశారు, ఎంతమంది పూర్తిచేశారు అన్నీ రంగురంగుల గీతల్లో. పూర్తిచేసినవాళ్ళు తక్కువే. ఆ గీత చూసి బాధపడుతుంటే డిజైనర్ అమ్మాయి ఒక సంగతి చెప్పింది. ఆడియో దించుకుని విన్నవాళ్ళు ఇందులో రారు. వీడియో చూడనివాళ్ళుగానే లెక్క. పొయ్యి ముందు విన్నవాళ్ళంతా ఆ గీతలో బడి మానేసినవాళ్ళే!

చర్చ భాగంలో రాయడానికి బదులు గొంతు రికార్డు చేసి పంపొచ్చని పెట్టాం. నిజామాబాద్ వైపు నుంచి ఒక అమ్మాయి పంపిన ముక్క వింటే వెనకనుంచి ఇంకో గొంతు వినిపించింది. వాళ్ళమ్మ. బీడీలు చుడుతూ కూతురు పెట్టిన ఆడియో పాఠాలు వింటోందట. 'ధనత్రయోదశి' విని ఆమె అన్న మాట అమ్మాయి మాకు పంపింది.

"దొంగసొమ్ము వాపసియ్యమన్నది, మంచిగనే ఉంది. గని గా షావుకారి పనోనికి కడుపునిండ జీతం ఎందుకియ్యలేదో గది ఎవ్వలడగరేంది?"

నేను ఆ కథని ఎన్నిసార్లు చెప్పానో. భార్యాభర్తల మధ్య నీతి ఎవరిదని అడిగాను, సంస్కరణ అని అడిగాను, ఆధునికత అని అడిగాను. జీతం సంగతి అడగలేదు. నెలనెలా జీతం అందుకునే నాకు ఆ ప్రశ్న తట్టలేదు. వెయ్యి బీడీలకి ఇంత అని లెక్కపెట్టుకునే ఆమెకి మొట్టమొదట అదే తట్టింది. మేం మధ్యాహ్నమంతా కూర్చుని రాసిన నాలుగు ఆప్షన్లలో అది లేదు. డిజైనర్ అమ్మాయి నాలుగూ నొక్కినా దొరికేది కాదు. ఆమె మా కోర్సులో చేరలేదు. పేరు నమోదు కాలేదు. డ్యాష్‌బోర్డులో ఆమె లేనే లేదు. అచ్చమాంబకి మా కోర్సు సంపాదించిపెట్టిన అందరికంటే మంచి పాఠకురాలు ఆమే.

2013లో అమెరికాలో ఫెమ్‌టెక్‌నెట్ అనే స్త్రీవాదుల బృందం స్త్రీవాదం, సాంకేతికతల మీద ఒక ఉమ్మడి కోర్సు నడిపింది. ఒకే గొప్ప ప్రొఫెసరు వేలమందికి చెప్పే పెద్ద ఆన్‌లైన్ కోర్సులకి ఎదురుగా, కొన్ని సంభాషణల వీడియోలని అందరూ పంచుకుని, ఏ ఊళ్ళో వాళ్ళు ఆ ఊళ్ళో తమ తరగతి తామే నడుపుకునే పద్ధతి పెట్టుకున్నారు. అది చదివినప్పుడు నాకు మన ఊళ్ళ మహిళా సంఘాలు గుర్తొచ్చాయి. ఒకరు చదివితే పదిమంది వినే అలవాటు మనకి కొత్త కాదు. ఆన్‌లైన్ కోర్సు ఒంటరిగా ఒక స్క్రీన్ ముందు కూర్చున్న ఒక మనిషికే అని ఎవరు నిర్ణయించారు? ఫారమే.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది రచయిత్రులు, అధ్యాపకులు. రేపో మాపో మీ దగ్గరికీ ఎవరో ఒకరు ఇలాంటి గడులతో వస్తారు. మీ కథ ఏ వారంలో, ఎన్ని నిమిషాలు, ఏ ఆప్షన్ పక్కన ఉండాలో ఒక గదిలో తేలిపోతుంది. ఆ గదిలోకి వెళ్ళకుండా బయట నిలబడి సాహిత్యాన్ని కొలవలేరని అనుకోవడం సులభం. నేనూ అలా అనుకున్నదాన్నే. మనం వెళ్ళకపోతే గడులు ఖాళీగా ఉండవు. ఎవరో ఒకరు నింపుతారు. వెళ్తే మాత్రం, చట్రంతో కొట్లాడేటప్పుడు ఆ చట్రం మన మొహానికి అద్దం పడితే తట్టుకోడానికి కూడా సిద్ధపడి వెళ్ళాలి.

రెండో విడత కోర్సుకి ఫారాలు మళ్ళీ వచ్చాయి. అదే గడి. 'ఈ పాఠం పూర్తయ్యేసరికి అభ్యాసకులు ఏం చేయగలుగుతారు?' ఈసారి నేను ఇలా రాశాను: 'ఈ కథని ఇంట్లోనో, పనిచోటనో చదవడానికి వీల్లేని ఇంకొకరికి వినిపించి, వాళ్ళడిగిన ప్రశ్నని రాసుకుని రాగలుగుతారు.'

డిజైనర్ అమ్మాయి రెండుసార్లు చదివింది.

"ఇది కొలవొచ్చు మేడమ్" అంది.